కుట్టని చెవి

మా ఆయన డిటెక్టివ్. తెనాలిలో మా ఇంటి గోడ మీద ఆ మాట పెద్దక్షరాలతో రాయించి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆయన పట్టుకున్న దొంగలకంటే నేను వెతికిపెట్టిన ఆయన కళ్లజోళ్లే ఎక్కువ. ఆడవాళ్లున్న చోటికి మగవాడు ఒక్కడే వెళ్లి ప్రశ్నలడిగితే తన్ని తగలేస్తారు కాబట్టి ప్రతి కేసుకీ నన్ను వెంటబెట్టుకెళ్తారు. బయట మాత్రం "మా దుర్గాంబ, ఊరికే తోడొచ్చింది" అంటారు. అననివ్వండి.

1969లో ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండూ పదికి మేమిద్దరం డాక్టర్ ప్రకాశరావుగారి నర్సింగ్ హోము మెట్లెక్కుతున్నాం. నాలుగింటికి ఆ డాక్టరు ఎనిమిదేళ్ల పిల్ల మోకాలు కోయబోతున్నాడు. ఈలోగా ఆ మోకాలు ఎందుకు వాచిందో, ఎవరి వల్ల వాచిందో మా ఆయన తేల్చాలి.

కేసు ఇచ్చింది పిల్ల తండ్రి పాండురంగారావు. రేపల్లెలో పొలం, ధాన్యం మిల్లు ఉన్న మనిషి. గుబురు గడ్డం, వంగని కుడికాలు. ముందురోజు సాయంత్రం కుంటుకుంటూ మా ఇంటికొచ్చి, "మా హైమావతి మోకాలు గుమ్మడికాయంత అయిందండి. ఎవడో కొట్టే ఉంటాడు. వాణ్ణి పట్టుకోండి" అన్నాడు. కాఫీ కలిపి తెచ్చేసరికే వెళ్లిపోయాడు.

మేము పొద్దున్నే రేపల్లె వెళ్లి బడంతా గాలించాం. లెక్కల మేష్టారు పిల్లని బెంచీ ఎక్కించింది సోమవారం పదకొండింటికి. తొక్కుడుబిళ్లాటలో పక్కపిల్ల తోసింది అదే రోజు నాలుగున్నరకి. కానీ సోమవారం పొద్దున బడిలో అడుగుపెట్టేటప్పటికే పిల్ల కుంటుతోందని బడి ఆయా తన బిడ్డ మీద ఒట్టేసి చెప్పింది. అంటే ముద్దాయిలిద్దరూ చేజారిపోయారు. అయినా మా ఆయన లెక్కల మేష్టారి రూళ్లకర్రని సాక్ష్యం కింద సంచీలో వేసుకున్నారు. పాపం ఆ మేష్టారు కర్ర కోసం రైలుస్టేషను దాకా మా వెనకే నడిచొచ్చాడు.

డాక్టరు వరండాలోనే ఎదురయ్యాడు. ఆయనా మా ఆయనా హైస్కూల్లో ఒకే బెంచీ. ఫస్టు మార్కు కోసం అప్పుడు మొదలైన పోరు ఇప్పటిదాకా తెగలేదు. నలుగురిలో ఉంటే "మీరు" అనుకుంటారు, కోపమొస్తే "ఒరే"లోకి దిగిపోతారు.

"మోకాలు వాచడానికి నేరస్థుడెందుకండీ?" అన్నాడు డాక్టరు. "కీల్లో చీము పట్టింది. వేడిగా ఉంది, బిగిసిపోయింది, వంచితే కేకపెడుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. ఇంకేం కావాలి?"

"చీమేనని సూదితో లాగి చూశారా?"

"చూడనిస్తేగా! ఆ అమ్మమ్మగారు కాలి దగ్గరికి సూదిని రానివ్వదు. మంగళవారం చేరారు. బుధవారం పొద్దున కోస్తానంటే వర్జ్యమంది. నిన్న రోజు బాగాలేదంది. ఇవాళ తొమ్మిదింటికి అన్నీ సిద్ధం చేసుకుంటే పదిన్నర దాకా రాహుకాలమంది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే రోజుల్లో రాహుకాలమేంటండీ? ఇక నేను వినను. నాలుగింటికి మత్తిచ్చి కోసేస్తాను. చీము ఇంకో రోజు నిలవుంటే కీలు కుళ్లిపోతుంది, ఆ తర్వాత ప్రాణం మీదికొస్తుంది."

"రక్తం పరీక్ష?"

"నాకు పాఠాలు చెప్పకు. వేలికి గుచ్చి చూశాం. రెండున్నర నిమిషాల్లో ఆగింది. భేషుగ్గా ఉంది."

"ఒరే ప్రకాశం, సాక్షుల్ని విచారించకుండా నువ్వు కత్తి పట్టుకోవడానికి వీల్లేదు."

"ఒరే బసవా, నీకు గంటన్నర టైముంది. విచారించుకో. చీముని కూడా విచారించుకో." తలుపు ధడాలున వేసుకున్నాడు.

మా ఆయన ముక్కుపుటాలు అదిరాయి. నాకు మాత్రం రాహుకాలం మాట దగ్గర మనసు కొంకికి తగులుకుని ఆగిపోయింది. శుక్రవారం తొమ్మిది నుంచి పదిన్నరకి రాహుకాలమేంటి? అది శనివారానిది. శుక్రవారానిది పదిన్నరకి మొదలై పన్నెండుకి పోతుంది. రోజూ వారాలు చూసి వడియాలు పెట్టుకునేదాన్ని, నాకు తెలియదా? ఆ అమ్మమ్మగారు పొరపాటు పడిందేమోలే అనుకుని అప్పటికి ఊరుకున్నాను.

మూడో నంబరు గదిలో హైమావతి మంచం మీద పడుకుని ఉంది. కుడి మోకాలి కింద దిండు. మోకాలు నున్నగా, గట్టిగా, మెరుస్తూ ఉబ్బి ఉంది. మా ఆయన భూతద్దం తీసి మోకాలు, దిండు, మంచంకోడు, నర్సు రిబ్కా చెప్పులు అన్నీ పరీక్షించారు. దెబ్బ తగిలిన గుర్తు గానీ గీరుకున్న గాటు గానీ మోకాలి మీద లేదు. పిక్కల మీద మాత్రం కమిలిన మచ్చలు, కొన్ని నీలం, కొన్ని పసుపు. ఆయన నోటుబుక్కు తెరిచారు.

"ఎవరు కొట్టారమ్మా నిన్ను?"

"ఎవరూ కొట్టలేదు."

"భయపడకు తల్లీ. చెబితే బిస్కెట్టిస్తాను."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "లెక్కల మేష్టారు" అంది.

బిస్కెట్టు ఇచ్చారు. ఆయన పెన్ను పరుగెత్తింది.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"పక్కింటి కనకరత్నం." ఇంకో బిస్కెట్టు. "పాలబ్బాయి కూడా." ఇంకోటి. మూడు బిస్కెట్లకి ముగ్గురు నేరస్థులు దొరికారు. నాలుగోది చూపించేసరికి పిల్ల మా ఆయన వైపే వేలు పెట్టింది. అప్పుడు ఆయన పొట్లం మూసేశారు.

"మీరు తప్పుకోండి" అని నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "ఏమ్మా హైమా, ఆదివారం రాత్రి పడుకునేటప్పుడు కాలు బాగానే ఉందా?"

"బాగానే ఉంది పిన్నీ. పొద్దున లేచేసరికి బరువుగా అయిపోయింది."

"ఇదివరకెప్పుడైనా ఇలా అయిందా?"

"పోయినేడు మోచెయ్యి. అంతకుముందు చీలమండ. అమ్మమ్మ పసుపు సున్నం పట్టేస్తే తగ్గిపోయింది. పన్ను ఊడినప్పుడైతే దిండంతా ఎర్రగా అయిపోయింది. అమ్మమ్మ ఎవ్వరికీ చెప్పొద్దంది." చెప్పేశాక నాలిక్కరుచుకుంది.

పిల్ల కుడిచెవికి బంగారు దిద్దు ఉంది. ఎడమవైపు జుట్టు చెవి మీదికి లాగి జడేశారు. నేను జుట్టు పక్కకి తప్పించి చూశాను. ఎడమ చెవికి దిద్దు లేదు సరికదా చిల్లే లేదు. తమ్మె నున్నగా ఉంది. ఎనిమిదేళ్ల ఆడపిల్ల, మిల్లున్నవాళ్ల బిడ్డ, ఒక చెవి కుట్టకుండా ఉండటం నేనెక్కడా చూడలేదు.

"రెండో చెవి ఏమైందమ్మా?"

"కుట్టించలేదు. ఒకటి కుట్టాక మూడు గౌన్లు పాడైపోయాయి. మూడ్రోజులు కారింది."

"కంసాలి సూది తుప్పుపట్టిందమ్మా!" అని గుమ్మంలోంచి ఓ గొంతు గట్టిగా వినిపించింది. యాభై ఏళ్ల పెద్దావిడ, నుదుట రూపాయంత బొట్టు. అమ్మమ్మ చౌడేశ్వరమ్మ. వచ్చి పిల్ల జుట్టు మళ్లీ చెవి మీదికి సర్దేసింది.

ఇక సాక్షుల విచారణ. ఆదివారం రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారని మా ఆయన నలుగుర్ని విడివిడిగా అడిగి రాసుకున్నారు. పాండురంగారావు "మా అక్కయ్య" అన్నాడు. అతని భార్య సుశీల "మా అమ్మ" అంది. పిల్ల "అమ్మమ్మ" అంది. రేపల్లెలో పక్కింటివాళ్లు "పాండురంగారావుగారి అత్తగారు" అన్నారు. ఆయన లెక్కలో అనుమానితులు నలుగురు ఆడవాళ్లు. కాగితం మీద నాలుగు గడులు గీసి, చెప్పినవాళ్ల పేర్ల నుంచి వాటికి గీతలు లాగి, గది చివర కుర్చీలో కూర్చుని, "ఒక్కొక్కరినీ పంపండి" అని రిబ్కాకి ఆర్డరేశారు.

మొదట అమ్మమ్మ వచ్చింది. ఆదివారం ఏం వండారు, పిల్ల ఎన్నింటికి పడుకుంది అన్నీ అడిగి పంపేశారు.

"ఇప్పుడు పాండురంగారావుగారి అక్కగారిని పంపండి."

తలుపు తెరుచుకుంది. మళ్లీ చౌడేశ్వరమ్మ.

"మీది అయిపోయింది కదండీ."

"అక్కని రమ్మన్నారటగా బాబూ."

మా ఆయన రిబ్కా వైపు కోపంగా చూసి, "సరే, వారి అత్తగారు?" అన్నారు. చౌడేశ్వరమ్మ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

"ఏంటమ్మా, పరాచికాలా? ఇది నేర విచారణ!"

"పరాచికమేంటి బాబూ. మా తమ్ముడికి మా సుశీలనిచ్చాను. అక్కనీ నేనే, అత్తనీ నేనే. అందులో వింతేముంది?"

వింతేమీ లేదు. మా ఆయన సొంత చెల్లెలు కూడా మేనమామనే చేసుకుంది. అయినా ఈయనకి తట్టలేదు. మూడు గడులు కొట్టేసి, ఆ మూడింటి గీతలూ మిగిలిన ఒక్క గడికి కలిపారు. కాగితం అంతా పిచ్చిగీతలైపోయింది.

పరువు కాపాడుకోవడానికి ఇంకో ప్రశ్న వేశారు. "పాండురంగారావుగారి కాలికేమైంది?"

"చిన్నప్పుడు ఎద్దు పొడిచింది" అంది చౌడేశ్వరమ్మ.

అదే ప్రశ్న సుశీలని అడిగాం. "కొబ్బరిచెట్టు మీంచి పడ్డారటండి" అంది. పాండురంగారావుని అడిగితే, "సైకిలు" అన్నాడు, కళ్లు దించుకుని.

"గడ్డం ఎందుకు పెంచారు?" అని నేనడిగాను.

"మొక్కమ్మా."

"ఎన్నాళ్ల నుంచి?"

"పదిహేనేళ్లయింది."

పదిహేనేళ్లు తీర్చకుండా ఉంచుకునే మొక్కు ఏ దేవుడికి ఉంటుందో నాకైతే తెలియదు.

మూడూ పదిహేనుకి చౌడేశ్వరమ్మ డాక్టరు గది ముందు నిలబడి, "నాలుగున్నర దాకా రాహుకాలం బాబూ, ఇవాళ్టికి వద్దు" అని బతిమాలుతోంది. అది మంగళవారం రాహుకాలం. పొద్దున శనివారానిది వాడుకుంది, ఇప్పుడు మంగళవారానిది తెచ్చింది. మడి కట్టుకుని, వారం వర్జ్యం చూడకుండా గుమ్మం దాటని మనిషి ఒకే రోజున రెండుసార్లు తప్పు చెబుతోందంటే అది పొరపాటు కాదు. నేను మా ఆయన్ని వరండా చివరికి లాక్కెళ్లాను.

"ఏవండీ, ఆవిడ అబద్ధమాడుతోంది. దేవుడంటే భయమున్న మనిషి పంచాంగం మీద అబద్ధమాడుతోంది. ఎందుకో ఆలోచించండి."

"కత్తిని ఆపడానికి."

"కత్తంటే భయమెందుకు? కుట్టిన చెవి మూడ్రోజులు కారింది. పన్ను ఊడితే దిండు తడిసింది. దెబ్బ తగలకుండా కీళ్లు ఉబ్బుతున్నాయి. తండ్రి కాలికి ముగ్గురు మూడు కథలు చెప్పారు. ఆ మనిషి పదిహేనేళ్లుగా ముఖం మీద కత్తి పెట్టనివ్వలేదు. ఆ మోకాల్లో ఉంది చీము కాదండీ."

ఆయన "రక్తం" అన్నారు నెమ్మదిగా. వెంటనే ఛాతీ విరుచుకుని, "నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నా" అన్నారు. ఆయన్ని అప్పుడు ఒక్కటి కొట్టాలనిపించింది. కానీ టైము లేదు.

మూడూ ముప్పై అయిదు. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. లోపల బల్ల మీద కత్తులు పరిచి ఉన్నాయి. మా ఆయన వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ప్రకాశం, నువ్వు కోస్తే ఆ పిల్ల రక్తం ఆగదు."

"తప్పుకోరా. వేలికి గుచ్చి చూశానన్నానా?"

"చెవికి గుచ్చితే మూడ్రోజులు కారిందట. దాని సంగతేంటి?"

డాక్టరు చేతుల మీద నీళ్లు అలాగే కారుతున్నాయి. "ఎవరన్నారు?"

"పిల్లే చెప్పింది అన్నయ్యగారూ. రెండో చెవి కుట్టనేలేదు. వెళ్లి చూడండి" అన్నాను నేను.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "మీరనే జబ్బు నాకు తెలుసమ్మా. రక్తం గడ్డకట్టదు. దెబ్బ లేకుండానే కీళ్లలోకి దిగుతుంది. కానీ అది మగపిల్లల జబ్బు. తల్లి మోస్తుంది, కొడుకు అనుభవిస్తాడు. ఆడపిల్లకి రావాలంటే తండ్రికి ఆ జబ్బుండాలి, తల్లి కూడా అదే రక్తం మోసుకు రావాలి. ఎక్కడో పుట్టిన పిల్లాడికీ, ఇంకెక్కడో పుట్టిన పిల్లకీ రెండిళ్లలోనూ అదే ఉండటం ఎప్పుడైనా జరుగుతుందా? లక్షలో ఒక్కటి..."

మా ఆయన ఆ పిచ్చిగీతల కాగితం ఆయన కళ్లముందు పెట్టారు. డాక్టరు విసుగ్గా చూశాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. పాండురంగారావు నుంచి ఒక గీత అక్క గడికి పోయింది. సుశీల నుంచి ఇంకో గీత అమ్మ గడికి పోయింది. రెండు గీతలూ వెళ్లి ఒకే పేరు దగ్గర ఆగాయి.

"ఇందులో రెండో ఇల్లు ఏదిరా?" అన్నాడు డాక్టరు.

"లేదు. ఒకటే ఇల్లు."

డాక్టరు కాగితం కింద పెట్టి, "రిబ్కా! రెండు గాజు గొట్టాలు, సన్న సూది పట్రా" అని కేకేశాడు. "వేలికి గుచ్చిన చిల్లు మూసుకోవడం వేరు బసవా, రక్తం గడ్డకట్టడం వేరు. నేను మొదటిదే చూశాను. రెండోది ఇప్పుడు చూద్దాం. పక్కన పెట్టి పోల్చడానికి మామూలు మనిషి రక్తం కావాలి. చెయ్యి చాపు."

"నాదా?" అన్నారు మా ఆయన.

ఇంకొకరి రక్తమైతే ఈయన భూతద్దం పెట్టి మరీ చూస్తారు. తనది సిరంజిలోకి ఎక్కుతుంటే మాత్రం కళ్లు తేలేశారు. నేనూ రిబ్కా చెరో రెక్కా పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాం. తర్వాత డాక్టరు పిల్ల చేతి నుంచి కొంచెమంటే కొంచెమే జాగ్రత్తగా తీసి, "దూది అదిమి పట్టుకో రిబ్కా, నేను చెప్పేదాకా వదలకు" అన్నాడు. రెండు గొట్టాలూ స్టాండులో నిలబెట్టాడు. మూడూ నలభై అయిదు.

మా ఆయన వాచీ రోజుకి పావుగంట ముందుకు పరిగెడుతుంది కాబట్టి గోడగడియారం చూశాం. నిమిషానికోసారి డాక్టరు గొట్టాలు ఒంచుతున్నాడు. మూడూ యాభై మూడుకి మా ఆయన రక్తమున్న గొట్టాన్ని డాక్టరు తలకిందులు చేశాడు. చుక్క జారలేదు. పెరుగులా గడ్డకట్టింది.

"చూశావా, ఎనిమిది నిమిషాలు. ఫస్టు!" అన్నారు మా ఆయన నీరసంగా.

ఎవరూ నవ్వలేదు. పిల్ల గొట్టం ఒంచితే నీళ్లలా ఇటునుంచి అటు జారింది. నాలుగయింది. జారింది. నాలుగూ పది. జారింది. గుమ్మం దగ్గర సుశీల, పాండురంగారావు, చౌడేశ్వరమ్మ గొట్టం వైపే చూస్తూ నిలబడ్డారు. నాలుగూ పదిహేనుకి, అంటే అరగంట తర్వాత, డాక్టరు ఆ గొట్టాన్ని వెలుతురుకెత్తి చివరిసారి ఒంచాడు. అలాగే జారింది.

ఆయన తొడుక్కున్న గౌను విప్పేసి కుర్చీలో కూలబడ్డాడు. "కోసి ఉంటే పొద్దుటికి పిల్ల దక్కేది కాదు బసవా" అన్నాడు. ఆ క్షణంలో నాకు ఆ మనిషి మీద కోపమంతా పోయింది. వెంటనే లేచి కాలికి బద్దలు కట్టమని, ఐసు పెట్టమని, గుంటూరు నుంచి తాజా ప్లాస్మా తెప్పించమని వరసగా పురమాయించాడు. తర్వాత పాండురంగారావు వైపు తిరిగాడు.

"మీ కాలు?"

"ఇదే" అన్నాడు పాండురంగారావు. "మా పిల్ల ఆరోగ్యంగా ఉంటుందనుకున్నానండి. ఆడపిల్లలకి రాదుగా అని ధైర్యంగా ఉన్నాను. మోకాలు చూశాక గుండె ఆగిపోయింది. ఎవడో ఒకడు కొట్టాడని తేలితే బాగుండని మిమ్మల్ని పిలిచానండి. నా వల్ల కాదని ఎవరైనా చెబుతారేమోనని." గడ్డం అరచేతుల్లో పట్టుకుని ఏడ్చాడు.

చౌడేశ్వరమ్మ గోడకి జారి కూర్చుంది. "తప్పు నాది బాబూ. మా పుట్టింట్లో మగపిల్లలకి రక్తం నిలవదు. ఒక తమ్ముడు కొడవలి గీసుకుని పోయాడు. ఇంకొకడు పన్ను పీకిస్తే పోయాడు. మిగిలింది వీడొక్కడే. ఈ సంగతి తెలిస్తే బయటివాళ్లెవరూ పిల్లనివ్వరు. గుట్టు ఇంట్లోనే ఉంటుందని నా కూతుర్నే ఇచ్చాను. ముప్పై రెండేళ్లుగా నా మొగుడిక్కూడా చెప్పలేదు."

సుశీల తన తల్లి వంక చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది. మొగుణ్ణి "మావయ్యా" అని తప్ప ఇంకోలా పిలవడం తెలియని పిల్ల. ఏడుపు గానీ కోపం గానీ ఆ ముఖంలో లేవు.

"ఇంకా పిల్లలున్నారామ్మా?" అని డాక్టరు మెల్లగా అడిగాడు.

"బాబున్నాడండి. ఏడాదిన్నర. మంగళవారం మా నాన్న వాణ్ణి బాపట్ల తీసుకెళ్లారు." అంటూ ఆగింది. ఒక్కసారిగా ఆమె చెయ్యి నడుము దగ్గర దోపుకున్న ఉత్తరం మీదికి పోయింది. విప్పి నా చేతికిచ్చింది. నేను తీసుకుని పైకి చదివాను. మధ్యాహ్నం బాపట్ల నుంచి మనిషి చేత వచ్చింది. రాసింది తండ్రి పూర్ణచంద్రరావు.

"చి. సౌ. సుశీలకు. బాబుకి ఇంకా మాటలు రాలేదని ఇక్కడ డాక్టరుకి చూపిస్తే, నాలుక కింద పొర అంటుకుని ఉందని, చిటికెలో కత్తిరించేస్తానన్నాడు. మీ అమ్మ ఉంటే ముట్టుకోనివ్వదు, అందుకని ఈ శుక్రవారం సాయంత్రం ఐదున్నరకే చేయించేస్తున్నాను. మీరు వచ్చేసరికి వాడి చేత తాతా అనిపిస్తా. మీ అమ్మకి చెప్పకు."

నాలుగూ ఇరవై రెండు. డాక్టరు అప్పటికే ఫోను దగ్గరికి పరిగెత్తాడు. తాతగారింట్లో ఫోను లేదు, పక్కనున్న ఎరువుల కొట్లో ఉంది. ట్రంక్ కాల్ బుక్ చేసి, "ప్రాణాల మీదికొచ్చిందమ్మా, కలుపు" అని ఆపరేటర్ని పది సార్లు బతిమాలాడు. నాలుగూ యాభై ఆరుకి గంట మోగింది.

"పూర్ణచంద్రరావుగారాండి?" అటునుంచి ఎవరో తీరుబడిగా అన్నారు. "ఇప్పుడే పిల్లాణ్ణెత్తుకుని వెళ్లారండి. డాక్టరుగారికి ఏదో పెళ్లికెళ్లాలట, తొందరగా రమ్మని కబురంపారు."

"ఏ డాక్టరు? ఏ డాక్టరయ్యా?" అని మా డాక్టరు అరిచాడు. "మాకు చెబుతారా? ఊళ్లో అంతమంది డాక్టర్లు..." అని అటువైపు మనిషి అంటుండగానే లైను గరగరమని తెగిపోయింది.

డాక్టరు ఫోను పెట్టేశాడు. ఇక్కణ్ణించి కారులో వెళ్లినా గంట పైనే పడుతుంది. మా ఆయన అప్పటికే డాక్టరుగారి కారు తాళాలు అందుకున్నారు, కానీ ఆ తాళాలతో ఏం చేయాలో ఆయనకీ తెలియడం లేదు.

చౌడేశ్వరమ్మ లేచి వచ్చింది. "ఇంకోసారి కలపండి బాబూ. నేను మాట్లాడతాను."

"ఏం చెబుతారమ్మా? వాళ్లకేం అర్థమవుతుంది?"

"అన్నీ చెబుతాను."

అయిదూ రెండుకి మళ్లీ కలిసింది. ఆవిడ ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. అటువైపు కొట్లో జనం మాటలు, బస్తాలు దించుతున్న చప్పుడు మాకు కూడా వినిపిస్తున్నాయి.

"నేను పూర్ణచంద్రరావుగారి భార్యని. నా మాట వినండి. కొట్లో ఉన్నవాళ్లందరూ వినండి." ఆవిడ గొంతు గదులన్నీ దాటి వీధిలోకి వెళ్లింది. "మా పుట్టింటి రక్తం ఆగదు. నా ఇద్దరు తమ్ముళ్లు అలాగే చచ్చిపోయారు. ముప్పై రెండేళ్లు ఆ మనిషికి చెప్పకుండా దాచాను. ఇప్పుడు ఊరందరికీ చెబుతున్నాను. నా మనవడి నోట్లో కత్తి పెట్టనివ్వకండి. కాళ్లున్నవాళ్లు తలో డాక్టరు దగ్గరికీ పరిగెత్తండి. ఆయనకి ఈ మాట చెప్పండి. నేను చెప్పానని చెప్పండి."

అటువైపు బస్తా ఒకటి దబ్బున కిందపడింది, ఆ వెంటనే చాలామంది పరిగెత్తిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ కొట్లో ఎవరూ లేరు. చౌడేశ్వరమ్మ ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది.